మగ్గం గుంట

తుంగభద్ర ఒడ్డున రాజోలిలో ఒక నేతన్న ఉండేవాడు. గద్వాల చీర నేయడంలో పేరున్న చెయ్యి అతనిది. నూలు చీరకు పట్టు అంచు కలిపిన చోటు ఎంత వెతికినా కంటికి ఆనేది కాదు.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఊరిని ముంచెత్తింది. అతను ఆలుబిడ్డలతో ప్రాణాలు దక్కించుకున్నాడు. వరద తీశాక వచ్చి చూస్తే మగ్గం గుంట నిండా బురద. మళ్లీ మగ్గం వేసుకున్నాడు, అప్పులు తీర్చాడు, పిల్లల పెళ్లిళ్లు చేశాడు. ఆ వరద రాత్రి ముచ్చట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

ఏళ్లు గడిచాయి. ఒక ముసురు రోజున గుంటలో కాళ్లు పెట్టి నేస్తుంటే పాదాలకు చెమ్మ తగిలింది. నాడె విసరబోయిన చెయ్యి ఆగిపోయింది. గుండె దడదడలాడింది, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు, ఒళ్లంతా చెమట. "నా పానం పోతుంది!" అని కేక పెట్టాడు. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఈసీజీ తీశారు, రక్తం పరీక్షించారు. గుండెకు ఏ లోపమూ లేదు. "ఇది పానిక్ అటాక్. మానసిక వైద్యుణ్ని కలవండి" అన్నాడు డాక్టరు.

"నాకేమన్న పిచ్చా?" అంటూ నేతన్న ఇంటికొచ్చేశాడు. మళ్లీ దడ వస్తుందేమోనని గుంటలో దిగడం మానేశాడు. తర్వాత వాన పడితే గడప దాటడం మానేశాడు. ఆ తర్వాత ఏటి వైపు చూడడమే మానేశాడు. సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది.

ఒకనాడు ముసలి తల్లి చిక్కుపడ్డ నూలు తెచ్చి అతని ఒళ్లో వేసింది. "దీన్ని గుంజితే ఏమైతది బిడ్డా?"

"ముడి బిగుస్తదమ్మా. మెల్లగ సడలిస్తే ఇడిపోతది."

"మరి నీ భయాన్ని ఎందుకు గుంజుతున్నవ్?"

మర్నాడు తల్లే వెంట వెళ్లి మానసిక వైద్యుడికి చూపించింది. అక్కడ అతను మొదటిసారి వరద రాత్రి గురించి నోరు విప్పాడు. ఊరొచ్చాక కొన్నాళ్లు గుంట అంచున కూర్చుని లేచాడు. తర్వాత కాళ్లు లోపల పెట్టాడు. ఆపైన నాడె పట్టాడు. వాన పడిన రోజున దడ రానే వచ్చింది. అతను లేవలేదు. ముక్కుతో గాలి పీల్చి, అంతకు రెట్టింపు సేపు మెల్లగా వదిలాడు. పాదాల కింద నేలను, చేతిలో నాడెను గమనిస్తూ కూర్చున్నాడు. కొద్ది నిమిషాల్లో దడ తగ్గింది. చీర పూర్తయింది.

నీతి: పారిపోతే పెరిగేది, నిలబడితే తరిగేది భయం.

ఆపద వస్తే పరుగెత్తడానికో ఎదిరించడానికో శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది. ఆపద లేకపోయినా, పాత గాయాన్ని తలపించే చెమ్మో చప్పుడో వాసనో తగిలితే అదే ఏర్పాటు మేలుకుంటుంది. కొందరికి ఏ కారణమూ కనబడకుండానే పానిక్ అటాక్ వస్తుంది. వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. దాన్ని చావు అనుకుంటే భయం ఇంకా పెరుగుతుంది. ఈ ఉధృతి చాలావరకు పది నిమిషాల లోపే పతాకస్థాయికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. నిద్ర లేమి, అతిగా తాగే టీ కాఫీలు దీన్ని రెచ్చగొడతాయి.

మొదటిసారి ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే భయమేలే అని ఊరుకోవద్దు. ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి. గుండె బాగుందని తేలాక మనసుకు వైద్యం చేయించుకోవడానికి సిగ్గుపడవద్దు. మాటలతో చేసే చికిత్స ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా ఇలా బాధపడుతుంటే "ధైర్యంగా ఉండు" అని వదిలేయకండి. ఆ తల్లిలా వెంట నడవండి.