పొదుపు బల్బుదా, మనదా?

ఈమధ్య తెలిసినవారి ఇంటికి వెళ్ళాను. పట్టపగలు. వరండాలో, హాలులో, వంటగదిలో కలిపి ఏడు దీపాలు వెలుగుతున్నాయి. మనుషులం ముగ్గురం, ముగ్గురమూ హాలులోనే కూర్చుని ఉన్నాం. నా చూపు దీపాలవైపు పోవడం గమనించి ఇంటి యజమాని నవ్వుతూ, “అన్నీ ఎల్.ఇ.డి.లే ఫాదర్ గారూ. ఎంతసేపు వెలిగినా మీటరు పెద్దగా తిరగదు” అన్నారు. ఆయన అన్నది అబద్ధం కాదు. అయినా ఆ మాట నన్ను దారిపొడవునా వదలలేదు. పొదుపు చేస్తున్నది బల్బా, మనిషా? ఈ ప్రశ్ననే నేడు మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా బల్బుకు దక్కవలసిన గౌరవం దానికి ఇద్దాం. మన చిన్ననాటి గుండు బల్బు తాను తీసుకున్న విద్యుత్తులో అత్యధిక భాగాన్ని వేడిగా పోగొట్టేది. అందుకే ముట్టుకుంటే చేయి చుర్రుమనేది. 60 వాట్ల గుండు బల్బు ఇచ్చే వెలుగును నేడు 9 వాట్ల ఎల్.ఇ.డి. ఇస్తున్నది. నీలికాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని సాధించి ఈ తెల్లని వెలుగుకు దారి చూపిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో 2015 జనవరిలో ప్రారంభమై, తరువాత ఉజాలాగా పేరుపొందిన పథకం ద్వారా 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు ఇళ్ళకు చేరాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. రోజుకు 5 గంటల చొప్పున వెలిగితే గుండు బల్బుకు నెలకు 9 యూనిట్లు ఖర్చవుతాయి. అదే వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.కి యూనిటున్నర కూడా కాదు. మన థర్మల్ కేంద్రాలలో ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. అనగా ఒక్క బల్బు మార్చినందుకు నెలకు 5 కిలోల బొగ్గు మిగులుతుంది. ఇది కేవలం డబ్బు లెక్క కాదు. మన ఇంటి స్విచ్చికి రెండవ కొస రామగుండంలోనో, ఇబ్రహీంపట్నంలోనో ఉంది. ఆ బొగ్గు కోసం సింగరేణి గనిలోకి దిగే కార్మికుడు ఉన్నాడు. పొగగొట్టాల దాపున, బూడిద చెరువుల పక్కన బ్రతికే కుటుంబాలు ఉన్నాయి.

అయితే లెక్క ఇక్కడితో ముగియదు. ఖర్చు తక్కువే కదా అని వరండాకు, ప్రహరీకి, మేడమెట్లకు కలిపి 6 ఎల్.ఇ.డి.లు పెట్టి, రోజుకు 10 గంటలు వెలగనిచ్చామనుకోండి. నెలకు 16 యూనిట్లు! ఒక్క గుండు బల్బు నాటికంటే ఎక్కువ బొగ్గు కాల్చామన్నమాట. ఆంగ్ల ఆర్థికవేత్త జెవొన్స్ 1865లోనే ఈ సంగతి గమనించాడు. ఆవిరి యంత్రాలు మెరుగై తక్కువ బొగ్గుతో నడవసాగినా, దేశం మొత్తం మీద బొగ్గు వాడకం తగ్గలేదు సరికదా, పెరిగింది.

కాబట్టి రెండు విషయాలను వేరుచేసి చూడాలి. సామర్థ్యం వస్తువు గుణం. మితం మనిషి గుణం. మొదటిది అంగడిలో దొరుకుతుంది. రెండవది ఏ అంగడిలోనూ దొరకదు. బల్బు మంచితనాన్ని మన ఖాతాలో రాసుకోవడం ఎంతవరకు న్యాయం?

“అయితే ఎక్కువ వెలుగు వాడుకోవడమే తప్పా?” అని మీరు అడగవచ్చు. కాదు. ఇన్నాళ్ళూ ఒకే బల్బుతో గడిపిన ఇంట్లో, బిడ్డ చదువుకోవడానికి రెండవ బల్బు వెలిగితే అది దుబారా కాదు, ఆ బిడ్డకు ఆలస్యంగా అందిన న్యాయం. రాత్రివేళ మెట్లు దిగే ముసలమ్మకు దీపం కావలసిందే. అందుచేత ఎన్ని దీపాలు అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ వెలుగు కింద ఎవరైనా ఉన్నారా అన్నదే ప్రశ్న.

ఇంత చిన్న పనికి ఇంత చర్చ ఎందుకని అనిపించవచ్చు. ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో అనవసరపు దీపాలను ఆర్పడాన్ని సైతం ప్రస్తావించారు. ఎవరూ చూడనప్పుడు, బిల్లు భయం లేనప్పుడు చేసే చిన్న పనిలోనే మనిషి స్వభావం తెలుస్తుంది. బిల్లుకు భయపడి ఆర్పడం జాగ్రత్త. బిల్లు రాకపోయినా ఆర్పడం ధర్మం.

చివరగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజు నేను తిరిగి వచ్చేసరికి నా గది బయట దీపం ఉదయం నుండి వెలుగుతూనే ఉంది. అదీ ఎల్.ఇ.డి.యే. ఆ ఇంటి యజమానిని మనసులో తప్పుపట్టిన నేను తలవంచుకుని స్విచ్ కట్టేశాను.

ప్రియ పాఠకులారా, మీరు బల్బులు ఇప్పటికే మార్చి ఉంటే సంతోషం. ఈ రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారి ఇల్లంతా తిరిగి చూడండి. ఎవరికోసమూ వెలగని దీపం కనబడితే ఆర్పండి. ఆ పొదుపు మాత్రం మీదే.