వెచ్చించినను తరుగని ధనము



మాఘమాసమున పగిడ్యాల ప్రాంతపు గృహస్థుడొకడు నా యొద్దకు వచ్చి యిట్లడిగెను. "స్వామీ! ఈ ఏడు శనగపంట వలన నాలుగు రూకలు మిగిలినవి. పాత టీవీ తీసివేసి పెద్దది కొనుమని పిల్లలనుచున్నారు. అహోబిలము చూపుమని మా అమ్మ మూడేండ్లుగా అడుగుచున్నది. యాత్రకు పెట్టిన సొమ్ము తిరిగి వచ్చిన తరువాత కంటికి కనబడదు. వస్తువైనచో ఇంటిలో నిలుచును గదా! ఏది మేలు?"

ఇది అతడొక్కనికే కలిగిన సంశయము కాదు. చేతిలో కొంచెము మిగులు గల ప్రతి యింటను ఇది పుట్టునదే.

ధనమునకు దానము, భోగము, నాశము అని మూడు గతులు గలవని భర్తృహరి నీతిశతకమున చెప్పెను. భోగమనగానే మనము వస్తువులనే తలతుము. కాని వస్తువు కొన్ననాడే క్రొత్తది. మరునాటినుండి దాని క్రొత్తదనము తరుగుచుండును. ఏడాదికి దాని యునికినే మరతుము. పొరుగింట మరింత మేలైనది కనబడినచో దానిని చూచి చిన్నబోదుము. కావున వస్తుభోగము చాలవరకు మెల్లగా నడచు నాశమే. మన పెద్దలు మరియొక భోగమును ఎరుగుదురు. దానికి వారు అనుభవమని పేరు పెట్టిరి. దివ్యదేశమున నిలిచి స్వామిని సేవించుట, ఆయన గుణములను పదిమందితో కలిసి తలచుకొనుట భగవదనుభవము. అది తలచిన కొలది పెరుగును; ఒకరికి చెప్పిన ఇరువురిదగును.

తిరుమంగై ఆళ్వారును చూడుడు. ఆయన చోళరాజు క్రింద నొక చిన్న ప్రాంతమును ఏలినవాడు. సంపదకు కొరత లేదు. ఆ సంపదను భాగవతుల తదీయారాధనమునకు వెచ్చించెనని గురుపరంపర చెప్పుచున్నది. పిదప దివ్యదేశములు తిరిగి సేవించెను. మన అహోబిలమును పాడిన ఆళ్వారు ఆయన యొక్కడే. పెరియ తిరుమొழిలో ఈ క్షేత్రమునకు పది పాశురములు గలవు. ఆయన యేలిన కోటలోని వస్తువులేవియు నేడు మనకు తెలియవు. ఆయన పొందిన అనుభవము మాత్రము నేటికిని కోవెలలలో వినబడుచున్నది.

కుచేలుని కథయు ఇట్టిదే. భార్య సంపద కోరి పంపినను, ఈ మిషతోనైన కృష్ణుని దర్శనము లభించునని, అదియే పరమలాభమని తలచి అతడు బయలుదేరెను. ద్వారకలో తన కోరిక చెప్పనే లేదు. తిరిగి వచ్చునపుడు వట్టి చేతులను చూచి వగవక, స్వామి తన్ను కౌగిలించుకొనుటను తలచుకొని మురియుచు నడచెను. ఆ నడకయే అతని భాగ్యము, మేడ వెనుకటిది.

ఇక "వస్తువు ఇంటిలో నిలుచును" అను మాట. శ్రీశైలము జలాశయము నిండినపుడు, 1981 ప్రాంతమున, కృష్ణ ఒడ్డునున్న ఊళ్ళు ఇండ్లతో పొలములతో మునిగిపోయినవి. ఆ దుఃఖము చిన్నది కాదు. ఇల్లే నిలువనిచోట ఇంటిలోని వస్తువు నిలుచునని ఎట్లు ధైర్యపడుదుము? ఆ ఊళ్ళ పెద్దలను కదిలించి చూడుడు. తమ ఊరి తిరునాళ్ళను కన్నులకు కట్టినట్లు చెప్పుదురు. నీరు దానిని ముంచలేకపోయినది.

ఇది నేను పుస్తకములు చదివి మాత్రమే చెప్పుట లేదు. మా తల్లి వైకుంఠ ఏకాదశికి శ్రీరంగము సేవింపవలెనని కోరెను. ఒక ఏడు ఇనుప బీరువా కొంటిని. మరొక ఏడు ముందుగదికి కప్పు వేయించితిని. "వచ్చే ఏడు తప్పక పోదమమ్మా" అంటిని. సొమ్మును తీరికయు కుదిరిన నాటికి ఆమె మోకాళ్ళు లేవలేదు. ఆమె నన్నొక మాట అనలేదు. శ్రీరంగమునుండి ఎవరు వచ్చినను కూర్చుండబెట్టి, పరమపదవాకిలి ఎట్లుండును, స్వామి ఎట్లు వేంచేసెనని అడిగెడిది. అట్లే ఆచార్యుల తిరువడిని చేరినది. ఆ బీరువా నేటికిని నా యింట నున్నది. దాని తలుపు తెరచినపుడెల్ల ఆ ప్రశ్నలు వినబడును.

అట్లని వస్తువులే వలదనుట లేదు. బిడ్డ చదువునకు, రోగి మందునకు, సేద్యమునకు కావలసినవి ముందు. అప్పు చేసి యాత్ర చేయుమని ఏ శాస్త్రమును చెప్పదు. అనుభవమును కూడ వస్తువుగా మార్చుకొనువారు గలరు. సన్నిధికి వీపు త్రిప్పి సెల్‌ఫోనులో తమ ముఖము పట్టుకొనుట, ఎన్ని క్షేత్రములు చుట్టితిమని లెక్క చెప్పుకొనుట యాత్ర కాదు, సరకు పోగుచేయుట.

అందుచేత ఆ గృహస్థునకు ఇట్లు చెప్పితిని: "నాయనా! ఆళ్ళగడ్డనుండి అహోబిలము సుమారు 25 కిలోమీటర్లు. నవనారసింహులను ఒక్కనాడే చూపవలెనని తల్లిని తొందరపెట్టకుము. దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుని సేవించి ఆ మండపములలో ఒక పూట కూర్చుండనిమ్ము. ఎగువకు 8 కిలోమీటర్లు, వాహనము పోవును. జ్వాలానృసింహుని త్రోవ కొండదారి. దానిని నీవు ఎక్కి వచ్చి ఆమెకు చెప్పుము. ఆమె అడిగినన్ని మారులు చెప్పుము."

కదలలేనివారు, చేత కాసు లేనివారు దిగులుపడవలదు. కనుమనాడు మొదలు సుమారు 40 దినములు అహోబిలేశుడు పల్లకిలో పారువేటకు బయలుదేరి ఆళ్ళగడ్డ ప్రాంతమున 30కి పైగా గ్రామములకు తానే వేంచేయును. ఫాల్గుణమున జరుగు తన కల్యాణమునకు ఇంటింటివారిని పిలుచునని నానుడి. అహోబిలమఠపు జీయర్లు 600 సంవత్సరములకు పైబడి మాలోలనృసింహుని వెంటబెట్టుకొని ఊరూర సంచరించుచున్నారు. కోవెల గల స్వామియే గడప దాటి తిరుగుచుండగా, మనము మాత్రము కొన్న వస్తువులకు కావలి కాయుచు కూర్చుండుట తగునా?

మీ యింట ఎవరి దర్శనకాంక్ష "వచ్చే ఏటికి" వాయిదా పడుచున్నదో ఈ రాత్రియే విచారింపుడు. వారి కాళ్ళు నడుచుచుండగనే బయలుదేరుడు.

శ్రీలక్ష్మీనృసింహార్పణమస్తు.