అనూరుని ప్రశ్న

వినత ఓర్వలేక అండమును చిదిపినందున తొడలు లేని బిడ్డ పుట్టెను. అతడే అనూరుడు. ఆదిపర్వమునందలి ఈ కథలో మనలను నిలిపివేయునది అతడిచ్చిన శాపము కాదు, "నా దేహమును గూర్చి నీవేల తొందరపడితివి?" అని బిడ్డ తల్లిని నిలదీయుట. కాలు సరిగా రాక పుట్టిన బిడ్డను ఒడిలో నుంచుకొని శస్త్రవైద్యుని యెదుట కూర్చున్న తలిదండ్రులకు ఇది దూరపు పురాణము గాదు.

వంకరపాదము విషయమున సంశయమునకు చోటు తక్కువ. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున పనిచేసిన ఇగ్నేషియో పోన్సెటీ పద్ధతిలో, పుట్టిన కొలది వారములకే పాదమును చేతితో మెల్లగా దిద్దుచు వారమున కొకమారు ప్లాస్టరు కట్టు మార్చుదురు. అయిదారు కట్ల పిమ్మట మడమ వెనుక నరమును చిన్న కోతతో వదులు చేయుట తరచు. తరువాత నాలుగైదేండ్ల వయసు వరకు రాత్రులు ప్రత్యేకపు బూట్లు తొడుగవలెను. ఇచ్చట జరుగు తప్పు వినత తప్పునకు తలక్రిందైనది, అది ఆలస్యము. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము వెదకవలసిన లోపములలో ఇదియు నొకటి.

చిక్కు వేరొకచోట నున్నది. మోకాలి క్రింది యెముక పుట్టుకతోనే లేక, కాలు మిక్కిలి కురుచయై పాదము నిలువని బిడ్డలు అరుదుగా నుందురు. వీరికి రెండు దారులు. ఒకటి, కాలిని నిలుపుకొనుట. సోవియట్ దేశపు కుర్గాన్‌లో ఇలిజారోవ్ రూపొందించిన వలయములను బిగించి, యెముకను కోసి, రోజునకు సుమారొక మిల్లీమీటరు చొప్పున ఎడము చేయగా ఆ సందున క్రొత్త యెముక పుట్టును. వినుటకు అద్భుతమే; కాని నెలల తరబడి నొప్పి, తీగెల చోట పుండ్లు, బిగిసిన కీళ్లు, పెరిగినకొద్దీ మరల శస్త్రచికిత్స. రెండవది, పనికిరాని భాగమును తొలగించి కృత్రిమపాదము పెట్టుట. 1968లో జయపురమున రూపొందిన పాదముతో వరిమడిలో దిగవచ్చును, గొంతుక కూర్చుండవచ్చును. బిడ్డ పెరుగునప్పుడెల్ల దానిని మార్చవలెను. నడక రాకముందే ఈ తొలగింపు జరిగిన బిడ్డ ఆ కాలితోనే నడక నేర్చును. అందుచేత నిర్ణయము మాటరాని వయసుననే పడును.

పెద్దవాడై తానే చెప్పునందాక ఆగుదమన్న మాట న్యాయముగా తోచును. కాని ఆగినన్ని దినములు బిడ్డ ప్రాకుచుండును, ఆగుటయు నిర్ణయమే. మేము తలిదండ్రులను బిడ్డ దేహమునకు యజమానులుగా నెంచము, కావలివారుగా నెంచుదుము. నలుగురి కంటికి కాలు కాలువలె కనబడవలెనని బిడ్డచే పదేండ్ల నొప్పి పడనిచ్చుట కావలి గాదు. గ్రహణమునాడు కదలితివని తల్లిని దూరుటయు అట్టిదే. ఆమె కదలికకును ఈ లోపమునకును సంబంధము లేదు.

సిరొంచ, ముల్చేర ప్రాంతముల మనవారికి ఇంకొక చిక్కు. ఇంటిమాట తెలుగు; అంగీకారపత్రము మరాఠీలోనో ఆంగ్లములోనో. గోదావరికి వంతెన వచ్చినను, ఆవలి ఆరోగ్యశ్రీ తెలంగాణ కుటుంబములకే. అర్థము గాని కాగితముపై వేసిన వేలిముద్రను అంగీకారమనుటకు మాకు నోరు రాదు. తెలుగున విడమరచి చెప్పుమని అడుగుట వైద్యుని అవమానించుట యెంతమాత్రము గాదు.

"పోరడు పెద్దగైనంక అడుగుతె ఏమంటవు బిడ్డా?" అని అవ్వ అడుగును. అందుకే ఎక్స్‌రే చిత్రములను, వైద్యుడు చెప్పిన రెండు దారులను, తాము దేనిని ఏల యెన్నితిమో తెలుగున వ్రాసిన కాగితమును ఇంటి పెట్టెలో దాచుమందుము. అడుగు దినమున బిడ్డ చేతిలో పెట్టుటకు.