పండుగనాడు తల్లి ఎక్కడ నున్నది?

వాక్యభాగము: యోబు 1:4–5



డిసెంబరు మాసము సమీపించునప్పుడు కాపరియొద్దకు వచ్చు ప్రశ్నలు ఇంచుమించు ఒక్క తీరుననే యుండును. పాస్టరుగారూ, పిల్లవానికి పుట్టినరోజు చేయవచ్చునా? కేకు కోయుట లోకాచారము కాదా? పిల్లలను సినిమాకు పంపవచ్చునా? కొందరు తండ్రులు మా నోట "కూడదు" అను మాట వినవలెననియే వచ్చెదరు. ఇంటికి పోయి, పాస్టరుగారే వద్దనిరని చెప్పిన వారి పని తేలిక యగును. మరికొందరు "పరవాలేదు" అను మాట కొరకు వచ్చెదరు. మాకును ఇంటిలో పిల్లలున్నారు గనుక ఈ రెండు విధముల తండ్రుల బాధయు మేమెరుగుదుము. అయితే ఆ పండుగ దినమున తన భార్య ఎక్కడ నుండునని అడిగిన తండ్రిని మేమింకను చూడలేదు. ఈ నెల ఆ సంగతిని గూర్చి ఆలోచింతము.

యోబునకు ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు ఉండిరి. కుమారులు వంతులవారిగా తమ తమ యిండ్లలో విందులు చేసికొనుచుండిరి. యోబు ఆ విందులను మాన్పించినట్లు వ్రాయబడలేదు. పిల్లలు ఏమి చేసిన నాకేమి యని నిద్రపోయినట్లును వ్రాయబడలేదు. విందు దినములు ముగియగానే అతడు వారిని పిలువనంపించి, తెల్లవారుజామున లేచి, ఒక్కొక్కరి నిమిత్తము దహనబలి నర్పించుచుండెను. పదిమందిని లెక్కపెట్టుకొనిన తండ్రి అతడు. తరువాత పెద్దకుమారుని యింట విందు జరుగుచుండగానే ఇల్లు కూలెను గనుక ఆ విందే వారి నాశనమునకు హేతువని చెప్పు బోధకులున్నారు. గ్రంథములో అట్లు లేదు. ఆ దినముననే శత్రువులు వచ్చి దున్నుచున్న యెద్దులను, మేయుచున్న గాడిదలను పట్టుకొనిపోయిరి. అందుచేత దున్నుట పాపమని ఎవరును అనరు గదా!

ఆ భాగములో మనము గమనింపక దాటిపోవు చిన్న మాట యొకటి కలదు. ఆ కుమారులు తమ ముగ్గురు అక్కచెల్లెండ్రను పిలిపించుకొనిరి. ఎందుకు పిలిపించుకొనిరి? తమతో కూడ తినుటకును త్రాగుటకును. వడ్డించుటకు కాదు, గిన్నెలు తోముటకు కాదు. మన యిండ్లలో పండుగకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచు బస్సు దిగిన గడియలోనే కొంగు దోపుకొని పొయ్యియొద్దకు పోవుటను చూచుచున్న మనకు ఇది క్రొత్త సంగతియే.

ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయములో పండుగకు ఎవరెవరు సంతోషింపవలెనో పట్టీ వ్రాయబడినది. నీవు, నీ కుమారుడు, నీ కుమార్తె, నీ దాసుడు, నీ దాసి, లేవీయుడు, పరదేశి, తలిదండ్రులు లేనివాడు, విధవరాలు. ఈ పట్టీలో భార్య వేరుగా చెప్పబడలేదు. "నీవు" అను మాటలోనే ఆమెయు ఇమిడియున్నదని పండితులు చెప్పుదురు. మేమును అట్లే నమ్ముచున్నాము. దేవుడు ఆ యిద్దరిని ఏకముగా లెక్కించెను గనుక "నీవు" సంతోషించితివని వ్రాయవలెనన్న ఇద్దరును సంతోషించియుండవలెను. ఒకరు పందిటిలోను ఒకరు పొగలోను ఉన్నయెడల ఆ "నీవు" సగమే పండుగకు వచ్చినట్లు.

అరిసెల సంగతి చెప్పెదము. సార్వా కోతలై కొత్త బియ్యము ఇంటికి వచ్చు కాలమున మనకు క్రిస్మసు వచ్చును. బియ్యము ముందుగా నానబోయవలెను, నీరు మార్చవలెను, వడకట్టి తడి ఆరకముందే దంచవలెను, జల్లించవలెను. బెల్లపు పాకము నీళ్లలో వేసి చూచినప్పుడు ఉండకట్టవలెను. ఒక్క నిమిషము ముదిరిన అరిసె రాయియగును, లేతగా నున్న నూనెలో విరిగిపోవును. ఆ సమయమున పిండిని ఒకరు పోయుచుండగా మరియొకరు ఆపక కలియబెట్టవలెను. తరువాత ఒకరు తట్టుట, ఒకరు వేయించుట, ఒకరు రెండు చెక్కల నడుమ నొక్కి నూనె పిండుట. ఒంటరిగా చేయదగిన వంట కాదిది. మన అమ్మమ్మల కాలమున వాడలోని స్త్రీలందరు ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క యింట కూడి చేసికొనిరి. రోకలి పోటు పురుషులును వేసిరి. ఇప్పుడు పిండి మరకు పోవును. కొందరి యింట అరిసెలు బజారునుండి వచ్చును. దానిని మేము తప్పు పట్టము. పొలములో మిరప కోసి వచ్చిన స్త్రీకి దుకాణపు అరిసె విశ్రాంతియే. అయితే ఇంట చేసిన వంటయే శ్రేష్ఠమని చాపమీద కూర్చుండి ఉపన్యసించు పురుషులు, పాకము కలియబెట్టుటకు లేచినయెడల ఆ మాట చెప్పుటకు తగినవారగుదురు.

అబ్రాహాము లేవలేదా? మమ్రే యొద్దకు ముగ్గురు మనుష్యులు వచ్చినప్పుడు పిండి పిసికి రొట్టెలు చేయుమని శారాకు చెప్పి, తాను మందలోనికి పరుగెత్తి లేతదూడను తెచ్చెను. ముసలివాడు, మధ్యాహ్నపు టెండ, అయినను పరుగెత్తెను.

మా ప్రాంతములోని ఒక తండ్రి తన కుమారుని మొదటి పుట్టినరోజు ఫోటోల పుస్తకమును మాకు చూపెను. ఫ్లెక్సీ కట్టించెను, డీజే పెట్టించెను, రెండు వందలమందికి కోడికూరతో భోజనము పెట్టెను. పుస్తకమంతయు తిరుగవేసి చూచితిమి. తల్లి ఒక్క ఫోటోలో మాత్రమే కనబడెను. అందులోను చేతిలో బేసిను పట్టుకొని ప్రక్కకు తిరిగియున్నది. ఆ విందుకు పెట్టిన సొమ్ము ఎక్కడిదని అడిగితిమి. డ్వాక్రా సంఘములో భార్య పేరు మీద తీసిన అప్పు అనెను. ప్రతి నెల వాయిదా కట్టునది ఆమెయే, కూలిడబ్బులలోనుండి. ఫోటోలో లేని మనిషి అప్పు పుస్తకములో ఉన్నది. సంతోషమునకు అతడు, బాకీకి ఆమె. ఇది మంచివాని సంగతి, ప్రియులారా. త్రాగుబోతు సంగతి కాదు. అతడు ఆదివారము తప్పక వచ్చువాడు, తన కుమారుని ప్రాణముగా ప్రేమించువాడు. అందుచేతనే మనము ఆలోచింపవలసియున్నది.

ఎల్కానా యను పురుషుని జ్ఞాపకము చేసికొందము. ప్రతి సంవత్సరము షిలోహుకు పోయి బలి నర్పించి, కుటుంబమంతటికి పాళ్లు పంచిపెట్టువాడు. ఆ పంక్తిలో హన్నా ఏడ్చుచు భోజనము మానెను. ఎల్కానా ఆమెను ఓదార్చిన మాట చాలినది కాదు. స్త్రీలకు ఆ సంగతి మాకంటె బాగుగా తెలియును. అయినను అందరు తినుచుండగా ఒకరు తినుట లేదని అతడు చూచెను, ఎందుకని అడిగెను. పండుగనాడు ఎంతమంది భర్తలు ఆ మాత్రము చూచుచున్నారు?

మార్త విషయమై పురుషులు బహు సుళువుగా ప్రసంగించుదురు. ఆమె తొందరపడెనని, మరియ ఉత్తమమైనదానిని ఏర్పరచుకొనెనని. సత్యమే, ప్రభువే ఆ మాట చెప్పెను. ఆ మాట చెప్పిన ప్రభువే పునరుత్థానుడైన తరువాత తిబెరియ సముద్రతీరమున నిప్పులు రాజబెట్టి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధపరచి, రాత్రియంతయు వలలు వేసి అలసిన శిష్యులను భోజనమునకు పిలిచెను. మేకుల గాయములు గల చేతులతో వంట చేసెను. వంట హీనమైన పని యని గాని, స్త్రీ పని యని గాని పలుకు క్రైస్తవుడు యోహాను 21వ అధ్యాయమును మోకాళ్లమీద చదువవలెను.

ఇక వినోదముల మాట. పూర్వము మన గ్రామములలో బుర్రకథ యుండెను. కథకుడు తంబుర పట్టి కథ చెప్పగా ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయించుచు, ఒకడు హాస్యమును ఒకడు లోకసంగతులను చెప్పువాడు. క్రైస్తవులును దానిని స్వీకరించి బైబిలు కథలను బుర్రకథగా చెప్పించిరి. 1932లో "భక్త ప్రహ్లాద" తో తెలుగు మాటల చిత్రములు ఆరంభమైనవి. సినిమాకు పోరాదని మన సంఘములలో పెద్దలు అనేకులు కట్టడి చేసిరి. 1978లో "కరుణామయుడు" వచ్చెను. విజయచందర్ గారు యేసుప్రభువు పాత్ర ధరించిరి. తరువాత ఆ చిత్రమును ఊరూర తెరకట్టి చూపినప్పుడు, కూడదనిన పెద్దలే ముందువరుసలో చాప పరచుకొని కూర్చుండిరి. అందుచేత తెరయే పాపమని మేము చెప్పజాలము. తెరమీద ఏమున్నదో చూచుట తండ్రి విధి.

తెరయెదుట ఎవరున్నారన్నదియు చూడవలెను. బుర్రకథకు ఊరంతయు కూర్చుండెను. టీవీ యెదుట ఇల్లంతయు కూర్చుండెను. పిల్లవాడు చెడ్డ మాట వినిన, ఇదేమని అడుగుటకు ప్రక్కన ఎవరో యొకరుండిరి. ఇప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ఫోను. పండుగ మధ్యాహ్నమున తండ్రి అరుగుమీద, కుమారుడు మంచముమీద, కుమార్తె మూలన, ముగ్గురును మూడు వేరు సంగతులకు నవ్వుచుందురు. లోపల తల్లి గిన్నెలు తోముచుండును. ఆ నవ్వులలో ఒకటియు ఆమెకు అందదు. ఫోనులో చూచునది పరిశుద్ధమైన పాటయే కావచ్చును. అయినను ఆ యింట నలుగురుండగా నాలుగు ఒంటరి పండుగలు జరుగుచున్నవి.

పోయిన క్రిస్మసునకు మా సంఘములో ప్రేమవిందు వంట పురుషులకు అప్పగింపబడెను. స్త్రీలు మొదటి పంక్తిలో కూర్చుండిరి. అన్నము అడుగంటెను, పప్పుచారులో ఉప్పు ఎక్కువాయెను. నలువది యేండ్లుగా గుడి వంటలకు నీళ్లు మోసిన ఒక వృద్ధురాలు, క్రిస్మసు అన్నము వేడిగా ఉండునని ఇప్పుడే తెలిసినదని చెప్పి, మరల వడ్డించుకొనెను. కొందరు పెద్దలకు ఈ యేర్పాటు నచ్చలేదు. ఈ సంవత్సరము ఎట్లు చేయవలెనో సంఘ కమిటీలో ఇంకను తేలలేదు. వచ్చే ఆదివారము ఆరాధన తరువాత ఆ సంగతి మరల మాటలాడుకొందుము. ఆ కూటమునకు స్త్రీలును రావలెనని కోరుచున్నాము.