అన్న బేరం, తమ్ముడి రిజిస్టరు

ఆదోని పక్క పల్లెలో ఒక ఎద్దుల బ్రోకరు ఉండేవాడు. సంతలో తువాలు కింద వేళ్ళు పట్టి బేరం తెంచడంలో ఆయనకు పేరు. డబ్బు చేతిలో పడ్డాక ఎద్దు ఎవరిదన్న పేచీ ఆయన బేరాల్లో ఏనాడూ రాలేదు. కాలం మారి ఎద్దులు తగ్గాయి, కార్లు పెరిగాయి. ఆయన పోయాక పెద్దకొడుకు కర్నూలులో, చిన్నకొడుకు కడపలో పాత కార్ల వ్యాపారం పెట్టారు.

పెద్దోడిది నాయన పద్ధతే. బానెట్ ఎత్తి ఇంజను చప్పుడు వింటాడు, రేటు తెంచుతాడు, రొక్కం ఇస్తాడు. అమ్మినవాడి చేత ఓనరు పేరు మార్పించే ఫారం 29, ఫారం 30 మీద ఖాళీ సంతకాలు పెట్టించుకుంటాడు. కొనేవాడి పేరు తర్వాత రాసుకోవచ్చు. మధ్యలో తన పేరు ఏ కాగితంలోనూ ఉండదు. పాత కార్ల వ్యాపారం ఏళ్ళ తరబడి ఇట్లాగే నడిచింది. కొత్త కార్ల షోరూముకైతే రవాణా శాఖ ట్రేడ్ సర్టిఫికెట్ ఉండాలి. పాత కార్లు అమ్మేవాణ్ణి మాత్రం నువ్వెవరని అడిగే నిబంధనే అప్పట్లో లేదు.

2022 డిసెంబరులో కేంద్రం ఆ నిబంధన తెచ్చింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత బండ్లు కొని అమ్మే డీలరు ఫారం 29ఏలో దరఖాస్తు పెట్టి రవాణా అధికారి నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. దాని గడువు అయిదేళ్ళు. బండి డీలరు చేతికి వచ్చిన సంగతి ఓనరూ డీలరూ సంతకాలు చేసి ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో తెలపాలి. ఆ బండి తన దగ్గర ఉన్నంతకాలం చట్టం దృష్టిలో డీలరే ఓనరు. ట్రయలుకు తీసినా, మెకానిక్కు దగ్గరికి పంపినా ట్రిప్ రిజిస్టరులో ఎక్కించాలి.

చిన్నోడు దరఖాస్తు పెట్టాడు. అన్న ఫోను చేశాడు.

"ఏమ్రా, నువ్వు ఆఫీసు చుట్టూ తిరిగేలోపల నేను నాలుగు బండ్లు అమ్మేస్తా గదరా!"

"అమ్ముకో అన్నా. ఈ పొద్దు ఆ నాలుగు బండ్లకూ ఓనరు ఎవరు?"

"సంతకం పెట్టినోడు."

"వాని దగ్గర బండి ల్యా. నీ దగ్గర ఉండాది."

అన్న ఫోను పెట్టేశాడు.

డోన్ వైపు రైతు ఒకాయన కూతురి కాలేజీ ఫీజు కోసం తన కారు పెద్దోడికి అమ్మాడు. అది ఆళ్ళగడ్డ మనిషికి, అక్కణ్ణుంచి చాగలమర్రికి, ఆపైన మరొకరికి పోయింది. ఒక్కరూ ఆర్సీ మార్పించలేదు, ఇన్సూరెన్సు కట్టలేదు. మైదుకూరు దాటాక హైవే మీద ఆ కారు కింద పడి ఒక కూలీ చనిపోయాడు. నోటీసు డోన్ రైతు ఇంటికి వచ్చింది.

"అన్నా, నీకు అమ్మి రెండేండ్లాయె. బండి తోలినోని మొగం గూడా నాకు తెలీదు. నా మూడెకరాలు అమ్మి కట్టమంటావా?" అని రైతు పెద్దోడి ముందు నిలబడ్డాడు. పెద్దోడు బీరువా అంతా వెతికాడు. ఆ బండి తాను కొన్నట్టు ఒక్క ముక్క దొరకలేదు. సాక్ష్యం చెబుతానని ప్లీడరు దగ్గరికి తానే నడిచాడు. "నీ మాట ఉంది, నీ పేరు లేదు" అన్నాడు ప్లీడరు.

అదే ఏడు చిన్నోడి బండి ఒకటి ట్రయలులో స్కూటరుకు తగిలి ఒకాయన కాలు విరిగింది. నడిపినవాడి పేరు, సమయం, పని అన్నీ రిజిస్టరులో ఉన్నాయి. పోలీసులు నేరుగా చిన్నోడి దగ్గరికే వచ్చారు. కేసు తనే మోశాడు, ఆస్పత్రికి తనే పోయాడు. బండి అమ్మిన మనిషికి ఆ సంగతే తెలియదు.

నీతి: ఇంకొకరి బండిని లాభానికి తన కొట్టు ముందు నిలుపుకున్నవాడు, దానితో వచ్చే కష్టానికీ తన పేరే రాయించుకోవాలి.

పెద్దోడు మోసగాడు కాడు. అందుకే ఈ కథ నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఎద్దుకు ఆర్సీ లేదు, కారుకు ఉంది. ఆ తేడా ఆయన పట్టించుకోలేదు, అంతే. బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్నవాడే పరిహారానికి బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. మనిషిని పోగొట్టుకున్న కుటుంబం ఓనర్ల వరుస వెంట ఊరూరా తిరగలేదు కదా, ఆ తీర్పు న్యాయమైనదే. అయితే దాని బరువు అమాయకుడైన రైతు మీద పడకుండా ఆపగలిగేది మధ్యలో ఉన్న డీలరే. లైసెన్సు అంటే ఆఫీసుల చుట్టూ తిరుగుడు, ఖర్చు అని విసుక్కునే వ్యాపారులు ఆ రైతు మూడెకరాలను తలుచుకోవాలి. అధికారులు కూడా ఈ పత్రాన్ని తిప్పించుకోకుండా ఇవ్వాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఖాళీ సంతకాల బేరమే సులువుగా కనిపిస్తుంది.

బండి అమ్మబోయే అన్నలారా, అక్కలారా! ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి. డీలరును ముందు అనుమతి పత్రం చూపమనండి, 29సీ నింపమనండి. కుదరదంటే తాళాలు తీసుకొని ఇంటికి వచ్చేయండి.