దాపఱికము సదాచారమగునా?

వీరశైవుని నిత్యజీవనమునకు పంచాచారములు పునాది. అందు సదాచారమనగా నీతి తప్పని నడవడి, కాయకముచే ఆర్జించిన దానితో జీవించుట. గణాచారమనగా ధర్మమునకును శివభక్తసమాజమునకును నింద రానీయక కాపాడుట. ఈ రెండును ఒకే యింట ఎదురెదురుగా నిలిచినపుడు దేనిని పాటింపవలెనను ప్రశ్న నేడు పెక్కు కుటుంబములలో, పొరుగువారికి వినబడకుండ, పుట్టుచున్నది.

జహీరాబాదు నుండియో ఆదోని నుండియో నగరమునకు పోయి హాస్టలులో ఉండి చదువుకొనుచున్న ఒక యువకుడు మద్యమునకో గంజాయికో లోబడినాడనుకొందము. మెడలో లింగమున్నది. ఉదయము లేచుసరికి చేయి వణకుచున్నది. తరగతులకు పోవుట తగ్గినది. ఇంటికి ఫోనులో చెప్పు మాటలలో సగము బొంకు. తనకు సహాయము కావలెనని అతనికి తెలియును. ఎవరిని అడుగవలెనో తెలియదు. తండ్రితో చెప్పినచో ఆయన నెత్తి కొట్టుకొనును. అధ్యాపకునితో చెప్పినచో కళాశాల నుండి వెడలగొట్టుదురేమోనని భయము. ఇక మఠమునకు పోవుదమన్న, చిన్ననాడు దీక్ష నిచ్చిన గురువు ముఖము చూచుటకు ధైర్యము చాలదు. కావున దాచును. ఇంటివారు పసిగట్టిరా, వారును దాచుదురు. చెల్లెలికి వచ్చిన సంబంధము తప్పిపోవునని వారి బెంగ. ఈ దాచుటకే గణాచారమని పేరు పెట్టుకొని తృప్తిపడువారు లేకపోలేదు.

అది గణాచారము కానేరదు. నింద రానీయకుండుట వేఱు, వచ్చిన నింద వినబడనీయకుండుట వేఱు. రెండవదానివలన కాపాడబడునది కుటుంబము పేరే కాని కుమారుడు కాడు.

మఱి కొందఱు పెద్దలు ఇందుకు విరుద్ధముగా కఠినముగా పలుకుదురు. మద్యము ముట్టినవానికి లింగధారణమునకు అర్హత ఎక్కడిది? వానిని లాలించినచో తక్కినవారికి ఆ తప్పు తేలికగా తోచదా? అని వారి వాదము. ఇందు సత్యము లేకపోలేదు. మద్యమును విసర్జించుట వీరశైవునికి మొదటి నియమములలోనిది. నియమమును సడలించి ఎవరిని ఉద్ధరింపగలము? కాని ఈ వాదము ఒక సంగతిని విడిచిపెట్టుచున్నది. మొదటి పాత్ర ఎత్తిననాడు ఆ చేయి అతని మాట వినెడిది; నూఱవ పాత్రనాటికి వినుటలేదు. తప్పు చేసిన ఇచ్ఛయే రోగగ్రస్తమైనది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మాదకద్రవ్యముల దుర్వినియోగమువలన కలుగు మనోవికారములను మానసిక వ్యాధులలోనే చేర్చినది.

అట్లయినచో అతనికి బాధ్యతయే లేదా? కలదు. మానుట అతని చేతిలో లేకపోయినను, అడుగుట ఇంకను అతని చేతిలోనే యున్నది. అయితే అడుగుట ఏకాకిగా చేయదగిన పని కాదు. వినువాడు లేనిదే అది పూర్తికాదు. విన్నవెంటనే శపించు తండ్రి, విన్నవెంటనే ఊరంతయు చాటు బంధువు, కుమారుని చేతనున్న ఆ ఒక్క పనిని కూడ లాగివేయుచున్నారు. అందుచే అతడు అడుగకపోవుటలో దోషమెంతయని తూచునపుడు, త్రాసులో వారి భాగమును కూడ వేయవలసి యుండును.

శరణులు ఈ విషయమున ఎట్లు నడచిరో చూడుడు. హెండద మారయ్య కల్లమ్మి జీవించినవాడు. హెండమనగా కన్నడమున కల్లు. అట్టివాడు శరణగణమున చేరి వచనకారుడుగా నిలిచెను. మనకాలమున ఇంతకన్న స్పష్టమైన దృష్టాంతము బాగలకోటె జిల్లా ఇళకల్ మఠాధిపతులు డాక్టర్ మహాంత శివయోగివారు. వారు 1975లో జోలె పట్టి వీథులలో తిరుగ నారంభించిరి. జోలె పట్టుట జంగమునికి క్రొత్తకాదు. కాని వారు బియ్యము వేయుమనలేదు, కాసు వేయుమనలేదు. మీ దుర్వ్యసనములను ఈ జోలెలో వేయుడని యాచించిరి. దీనికే మహాంత జోలె యని పేరు వచ్చినది. 2018లో వారు లింగైక్యులైరి. వారి జన్మదినమగు ఆగస్టు 1వ తేదీని కర్ణాటకమున వ్యసనముక్త దినముగా జరుపుచున్నారు.

ఈ యాచనలోని సూక్ష్మము గమనింపదగినది. వ్యసనపరుడు సామాన్యముగా చేయి చాచి నిలువవలసినవాడు, తల వంచవలసినవాడు. ఇచ్చట చేయి చాచినవాడు స్వామి. త్రాగుబోతు దాతయైనాడు. అతని యొద్దనున్న హీనవస్తువునే దానముగా స్వీకరించుటకు ఒక మఠపీఠము గుమ్మమునకు వచ్చినది. నియమము ఇసుమంతయు సడలలేదు. అవమానము మాత్రము తొలగినది. కఠినముగా పలుకు పెద్దలకు ఇంతకన్న చక్కని సమాధానము దొరకదు.

అయినను జోలెలో వేసినంతనే పని ముగియునని తలంపరాదు. నిత్యము అధికముగా త్రాగువాడు ప్రతిజ్ఞ చేసి హఠాత్తుగా మానినచో వణకు, నిద్రలేమి, కొందఱికి మూర్ఛలు, రెండు మూడు దినములలో మతిభ్రమ కలుగవచ్చును; ప్రాణాపాయమును కలదు. కావున వైద్యుని పర్యవేక్షణమున మాన్పింపవలెను. విభూతి ధరించినంతమాత్రమున మందు అనవసరమని చెప్పువారు భక్తికి మేలు చేయుటలేదు. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయమునందును, విశాఖపట్టణపు ప్రభుత్వ మానసిక ఆసుపత్రియందును, బెంగుళూరు నిమ్హాన్సునందును ఈ చికిత్స కలదు. మొదట ఎవరికిని ముఖము చూపలేని విద్యార్థి 14446 అను కేంద్రప్రభుత్వ ఉచిత ఫోను నంబరుకు గాని, మనోవేదనకై 2022లో ఏర్పడిన టెలిమానస్ 14416కు గాని మాటలాడవచ్చును. టెలిమానసులో తెలుగున మాటలాడువారు కలరు. చికిత్స పేర గొలుసులు వేయు ప్రైవేటు కేంద్రములు కొన్ని గలవు. అట్టిచోటికి పిల్లవానిని పంపుట కన్నుమూసికొని బావిలో త్రోయుటయే. గొలుసులతో బంధించుటను 2017 చట్టము నిషేధించినది. రోగి సంగతిని గోప్యముగా నుంచు బాధ్యతను కూడ, కొన్ని మినహాయింపులతో, ఆ చట్టమే వైద్యునిపై మోపినది.

గంజాయి విషయమున పోలీసుల భయము విద్యార్థులను మూగవారిని చేయుచున్నది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునందు 64ఏ సెక్షను కలదు. సేవించిన నేరమునకో, స్వల్ప పరిమాణము దగ్గఱ నుంచుకొన్న నేరమునకో గుఱియైన వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు పొందిన సంస్థలోనో చికిత్సకు పూనుకొనినచో అతనికి ప్రాసిక్యూషను నుండి రక్షణ కలదు. చికిత్సను నడుమ విడిచినచో ఆ రక్షణ పోవచ్చును. ఈ సంగతి ఎందఱు తండ్రులకు తెలియును?

2019లో కేంద్రప్రభుత్వము వెలువరించిన జాతీయ నివేదిక ప్రకారము మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కనికే ఏదో ఒక చికిత్స లభించుచున్నది; ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందువాడు 180 మందిలో ఒక్కడు. తక్కిన 37 మందిలో వైద్యశాల దూరమైనవారు కొందఱుండవచ్చును. ఇంటి అరుగు దాటి ఆ మాట పైకి చెప్పలేకపోయినవారు ఎందఱో!

చికిత్స పొంది వచ్చినవాడు మరల జారుట కలదు. వైద్యులు దానిని ఆ రోగలక్షణములలో ఒకటిగానే ఎంచి మరల మొదలిడుదురు. ఇంటివారు మాత్రము రెండవసారి తలుపు తీయుటకు తటపటాయింతురు. సెలవులలో ఇంటికి వచ్చిన ఆ యువకుడు సోమవారమునాడు మఠమున దాసోహపంక్తిలో కూర్చున్నపుడు, ప్రక్కవాడు తన విస్తరిని కొంచెము జరుపుకొనునా, జరుపుకొనడా అని అతడు ఓరగా చూచుచుండును.