పదిహేడు నిమిషాల ద్రౌపది

2020 దసరాకి బాలకృష్ణ ‘నర్తనశాల’ ఆన్‌లైన్‌లో రిలీజైంది. పూర్తి సినిమా కాదు, తీసినంత వరకు కూర్చిన పదిహేడు నిమిషాలు. 2004లో ఆయనే దర్శకుడై, అర్జునుడై మొదలుపెట్టిన సినిమా. ద్రౌపది సౌందర్య, భీముడు శ్రీహరి, ధర్మరాజు శరత్‌బాబు. ఆ ఏడాది ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారం కోసం కరీంనగర్ రావడానికి సౌందర్య బెంగళూరులో చిన్న విమానం ఎక్కారు. ఎగిరిన కాసేపటికే అది కూలిపోయింది. సినిమా అక్కడితో ఆగింది. పదహారేళ్ల తర్వాత ఆ ముక్క బయటికొచ్చేసరికి శ్రీహరి కూడా లేరు.

ఆ పదిహేడు నిమిషాలు గొప్పగా ఉన్నాయని చెప్పను. 1963 నాటి ‘నర్తనశాల’లో ఎస్వీ రంగారావు కీచకుణ్ణి చూసినవాళ్లకి ఇది రిహార్సల్లా కనబడుతుంది. కానీ చూశాక ఒక ప్రశ్న మాత్రం వదల్లేదు. సౌందర్య ఒప్పుకున్నది పూర్తి సినిమాకి. ఎడిటింగూ, రీరికార్డింగూ అన్నీ అయ్యాక జనం ముందుకు వెళ్తుందన్న నమ్మకంతో కెమెరా ముందు నిలబడ్డారు. మధ్యలో తెగిన ముక్కని చూపడానికి ఆ ఒప్పుకోలు సరిపోతుందా? అడుగుదామంటే మనిషి లేరు. వసూళ్లలో కొంత దానధర్మాలకని ముందే ప్రకటించారు కాబట్టి డబ్బు గొడవ పక్కన పెడదాం.

‘పోయినవాళ్లకి ఏం తెలుస్తుంది’ అనేది తేలికైన జవాబు. అంతే అయితే వీలునామాలు ఎందుకు? తాత చివరిమాటని ఇల్లంతా పట్టుకుని కూర్చునేది ఎందుకు? మనిషి పోయినా వాళ్లకిచ్చిన మాట మన దగ్గర మిగిలే ఉంటుంది. ‘అభిమానుల కోసం’ అనేది ఇంకా తేలిక. అభిమానులు అడిగినవన్నీ ఇవ్వాలంటే ఎవరి ఇంటికీ తలుపులుండవు.

ఇక్కడ మనం రెండు పనుల్ని కలిపేస్తున్నామని నాకనిపిస్తుంది. దాచడం వేరు, చూపడం వేరు. చూపాలా వద్దా అన్నదాని మీద ఎంతైనా కొట్లాడుకోవచ్చు. దాచడం మీద కొట్లాట లేదు, అది బాకీ. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. తెలుగువాళ్ల మొదటి మూకీ అంటాం. ప్రింటు లేదు. వెంకయ్య పేరు మీద అవార్డు ఇచ్చుకుంటాం గానీ, ఆ సినిమా చూద్దామంటే ఒక్క రీలు దొరకదు. దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే మిగిలినవి చాలా కొద్ది, అందులోనూ ముక్కలే ఎక్కువ. అప్పటి నైట్రేట్ ఫిల్ముకి మంట అంటుకుంటే ఆగదు, ఉక్కకి దానంతటదే పాడైపోతుంది. ఆట అయిపోయిన ప్రింటుని అందులోని వెండి కోసం కరిగించేవాళ్లు. పూణేలో ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. ‘ఆలం ఆరా’నే మిగల్లేదు, ఇంక మనదెంత! ఇది ఉండకూడదని ఎవరూ నిర్ణయించలేదు, ఎవరికీ పట్టలేదంతే. ‘భీష్మ ప్రతిజ్ఞ’ని ఇప్పుడు చూపడం న్యాయమా కాదా అని వాదించుకునే అవకాశం కూడా మనకు లేదు.

జెర్రీ లూయిస్ 1972లో ‘ది డే ద క్లౌన్ క్రైడ్’ తీశాడు. నాజీ క్యాంపులో పిల్లల్ని నవ్వించే జోకరు కథ. తీశాక తనకే నచ్చలేదు, ఎవరికీ చూపనన్నాడు. అయినా తగలబెట్టలేదు. తన దగ్గరున్న రీళ్లని 2024 దాకా చూపొద్దన్న షరతుతో అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చాడు. అది మర్యాదైన పద్ధతి. 2022లో వార్నర్ బ్రదర్స్ దాదాపు పూర్తయిన ‘బ్యాట్‌గర్ల్’ని పన్ను లెక్కల్లో నష్టం కింద రాసేసి పక్కన పడేసింది. చూపకుండా ఉండే హక్కు నిర్మాతకి ఉందనే అంటాను. లేకుండా చేసే హక్కు మాత్రం లేదు. సినిమా ఒక్కడి సొత్తు కాదు. గుంపులో నాలుగో వరసలో నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టు ఆ రోజు అక్కడ ఉన్నాడనడానికి ఆ రీలు తప్ప ఇంకో సాక్ష్యం ఉండదు. మా ఆఫీసులో వాడకం ఆపేసిన కోడ్ కూడా రిపాజిటరీలో ఉంటుంది. ఎవరు రాశారో, ఏ తారీఖున రాశారో పక్కనే ఉంటుంది.

దాచడం, చూపడం కాక మూడో పని ఇంకోటుంది, పూర్తి చేయడం. ఇప్పుడది టెక్నాలజీ వల్ల చాలా చవకైపోయింది. మిగతా ద్రౌపదిని ఏఐతో ఎవరైనా తయారుచేయొచ్చు. ‘మన ఎర్రన చేసింది కూడా అదే కదా’ అని ఒక ఫ్రెండ్ వాదన. నన్నయ భారతం ఆరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగింది. తిక్కన ఆ జోలికి పోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. వానల కోసం ఊళ్లల్లో చదివించేది ఆ పర్వమే, నర్తనశాల కథ కూడా అదే. మిగిలిన ఆరణ్యపర్వాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించి, తన రాజుకి కాకుండా నన్నయ రాజైన రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చాడు. చివర్లో తన పేరూ చెప్పుకున్నాడు. ఎవరి పద్యం ఎక్కడ ముగిసిందో, ఎవరిది ఎక్కడ మొదలైందో ఇవాళ్టికీ మనకి తెలుసు. ఆయన నన్నయకి తన పద్యాలిచ్చాడు. ఏఐ ద్రౌపది సౌందర్య ముఖాన్ని తీసుకుంటుంది, బదులుగా ఇచ్చేది ఏమీ ఉండదు. ఆ ఫ్రెండ్ ఇంకా ఒప్పుకోలేదనుకోండి.

మాది నారాయణపేట. ఇక్కడ ఒక్క పడుగు మీద ఎనిమిది చీరలు వస్తాయి. నేసే మనిషికి జబ్బు చేస్తే ఇంట్లో ఇంకొకరు మగ్గంలో కూర్చుంటారు. ఆ చీర కట్టుకునేవాళ్లకి ఎవరి చేతిదో అక్కర్లేదు. సినిమాకి అలా కుదరదు, అందులో మనిషే సరుకు.

2011లో ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో మేం ఐదుగురం ఒక షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టాం. హీరో మా పేటవాడే. సగం షూటింగయ్యాక బండి మీద యాక్సిడెంటై పోయాడు. నలభై నిమిషాల ఫుటేజ్ రెండు హార్డ్ డిస్కుల్లో నా దగ్గరుంది. పోయినేడు మా గ్రూపులో ఒకడు ఇరవై సెకండ్ల క్లిప్ పంపాడు. మేమెప్పుడూ తీయని క్లైమాక్స్ డైలాగుని వాడి ముఖం, వాడి గొంతు చెబుతున్నాయి. బాగా చేశాడు. కింద ఎవరం ఏమీ రాయలేదు.

ఆ దసరా సెలవుల్లో వాళ్లమ్మ ఇంటికి లాప్‌టాప్ తీసుకెళ్లి ఫుటేజ్ ఉన్నదున్నట్టు పెట్టాను. వాడు ఒకే డైలాగు నాలుగుసార్లు తప్పుతాడు, నవ్వుతాడు, కెమెరా ఆన్‌లోనే ఉందని మరిచి బాటిల్ ఎత్తుకుంటాడు. “జర ఆడ ఆపు బిడ్డా, నీళ్లు తాగేకాడ” అందామె. మూడుసార్లు వెనక్కి తిప్పించుకుంది. కథ ఏమైందని అడగలేదు. ఆ ఇరవై సెకండ్ల క్లిప్ నేను చూపలేదు. డిలీటూ చేయలేదు. వేరే ఫోల్డర్‌లో ఉంది, ఎవరు ఎప్పుడు దేంతో చేశారో ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి పక్కనే పెట్టాను.